ఎఫ్-150 కంపెనీ సౌండ్ సిస్టమ్‌కి సబ్‌వూఫర్: స్క్రీన్ మార్చకుండా కుదురుతుందా?

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

అందరికీ నమస్కారం. నా దగ్గర 2019 ఫోర్డ్ ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ పికప్ ట్రక్కు ఉంది. సూపర్‌క్రూ క్యాబ్, 2.7 ఎకోబూస్ట్, సింక్ 3 స్క్రీన్. బీ అండ్ ఓ సిస్టమ్ కాదు, మామూలు కంపెనీ స్పీకర్లే. పాటలో గొంతు, వయొలిన్, వేణువు అన్నీ శుభ్రంగా వినిపిస్తాయి. డప్పు, తబలాలో ఎడమచేతి దెబ్బ, బేస్ గిటార్ వచ్చేసరికి చప్పగా అయిపోతుంది. సెట్టింగ్స్‌లో బేస్ పెంచి చూశాను. డోర్ ప్యానెళ్ళు బరబరమనడం తప్ప దరువు రాలేదు.

వెనక సీటు కింద పట్టే ఒక సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే స్పీకర్, పెట్టాలని ఉంది. స్క్రీన్ మాత్రం మార్చను. ఏసీ, రివర్స్ కెమెరా, బండి సెట్టింగ్స్ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఇక్కడ ఒక షాపులో అడిగితే "స్క్రీన్ తీసేయకుండా మంచి బేస్ రాదు" అని తేల్చేశారు. నిజమేనా? వైరింగ్ పని నేనే చేసుకోగలను.

హ్యూస్టన్_బాబాయ్

నిజం కాదు. నా పాత టొయోటా టకోమా ట్రక్కులో కంపెనీ స్టీరియో అలాగే ఉంచి, సీటు కింద యాంప్లిఫయర్ లోపలే ఉన్న చిన్న సబ్ పెట్టాను. కిక్కర్ హైడ్‌అవే అంటారు, 8 అంగుళాలు, 150 వాట్లు. స్పీకర్ వైర్ల నుంచి నేరుగా సిగ్నల్ తీసుకుంటుంది. వేరే యాంప్ లేదు, వేరే డబ్బా లేదు, మధ్యాహ్నం భోజనం లోపు పని అయిపోతుంది. ఒక్కడివే ఆఫీసుకి వెళ్ళి వస్తుంటే అది చాలు తమ్ముడూ.

లోబీమ్

ఎఫ్-150 క్యాబ్ టకోమా కంటే చాలా పెద్దది బాబాయ్ గారూ. పైగా అడుగుతున్నది డప్పు. 8 అంగుళాల సన్నటి సబ్ 50 హెర్ట్జ్ పైన బాగానే కొడుతుంది, కిందకి వెళ్ళేసరికి ఊపిరి అందదు.

వైరింగ్_మామ · అట్లాంటా

కార్ ఆడియో ఇన్‌స్టాలేషన్ నా వృత్తి. ఇలాంటి ట్రక్కులు మా షాపులోకి వారం వారం వస్తాయి. సబ్ ఏది కొనాలన్నది తర్వాత చూద్దాం. ముందు కంపెనీ స్టీరియో నుంచి ఎలాంటి సిగ్నల్ బయటికి వస్తోందో తెలియాలి. చాలామంది ఇది వదిలేసి మంచి సబ్ కొని, తర్వాత దాన్నే తిడతారు.

కంపెనీ స్టీరియో వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు బేస్‌ని కాస్త ఎక్కువగానే పంపిస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ కింది ఫ్రీక్వెన్సీలను కోసేస్తూ పోతుంది. డోర్లలో ఉన్నవి పల్చటి కాగితం కోన్ స్పీకర్లు కదా, అవి చిరగకుండా కంపెనీ పెట్టుకున్న రక్షణ అది. దీన్నే బేస్ రోల్ ఆఫ్ అంటాం. ఇప్పుడు మీరు ఆ స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసుకుని సబ్‌కి ఇచ్చారనుకోండి. సిటీలో మెల్లగా వింటే బ్రహ్మాండంగా ఉంటుంది. హైవే ఎక్కి సౌండ్ పెంచగానే బేస్ మాయం. లోపం సబ్‌ది కాదు, దానికి అందాల్సిందే అందడం లేదు.

డోర్ స్పీకర్లు మాత్రమే మార్చితే బేస్ పెరగకపోవడానికీ ఇదే కారణం. ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా కోసేసిన భాగం తిరిగి రాదు.

దీనికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే తేలిక ఆడియోకంట్రోల్ ఎల్‌సీ2ఐ లాంటి లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్. స్పీకర్ లెవెల్ సిగ్నల్‌ని యాంప్ తీసుకునే ఆర్‌సీఏ సిగ్నల్‌గా మార్చుతుంది, అందులో అక్యూబేస్ అనే సర్క్యూట్ కోసేసిన బేస్‌ని వాల్యూమ్‌ని బట్టి తిరిగి పెంచుతుంది. రెండోది డీఎస్పీ, అంటే సౌండ్‌ని డిజిటల్‌గా సరిచేసే ప్రాసెసర్. ల్యాప్‌టాప్ పెట్టి, మైక్ పెట్టి కొలిచి సరిచేసుకోవాలి. మూడోది ప్యాక్ యాంప్‌ప్రో, మాస్ట్రో ఏఆర్ లాంటి ఇంటర్‌ఫేస్. ఇది బండి డేటా లైన్లతో మాట్లాడి, రోల్ ఆఫ్ లేని శుభ్రమైన సిగ్నల్ ఇస్తుంది. కాకపోతే మీ స్పీకర్లన్నిటికీ వేరే యాంప్ పెట్టుకోవాలి. సబ్ ఒక్కదానికే అయితే ఆ ఖర్చు దండగ.

డెసిబెల్_రెడ్డి

మామా, అక్యూబేస్ ఒక అంచనా మాత్రమే. ఒక నాబ్ తిప్పి ఎక్కడ ఆపాలో చెవితో తేల్చుకోవాలి. కంపెనీ ఏ వాల్యూమ్ దగ్గర ఎంత కోస్తుందో దానికి తెలియదు. డీఎస్పీ అయితే గ్రాఫ్ చూసి సరిచేస్తాం. డబ్బు పెట్టేదేదో ఒకసారే డీఎస్పీ మీద పెట్టమంటాను.

వైరింగ్_మామ · అట్లాంటా

డీఎస్పీ మంచిదే, కాదనను. కానీ డీఎస్పీలో వేసే ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలన్న సర్దుబాటు) కూడా ఒక వాల్యూమ్ దగ్గర కొలిచిందే. రోల్ ఆఫ్ వాల్యూమ్‌తో పాటు మారుతుంది. మూడొంతుల వాల్యూమ్ దగ్గర చదును చేసిన గ్రాఫ్, తక్కువ వాల్యూమ్‌లో బేస్ మోత అయిపోతుంది. ట్యూనింగ్ మీద పూటలు పూటలు కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళకి డీఎస్పీ. సబ్ ఒక్కటే కావలసిన మనిషికి ఎల్‌సీ2ఐ.

డెసిబెల్_రెడ్డి

సరే. ఇందులో మనిద్దరికీ కుదరదు గానీ, అడిగిన మనిషికి ఉపయోగపడితే చాలు.

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

చాలా థాంక్స్ మామా. ఎల్‌సీ2ఐ దారిలోనే వెళ్తాను. సబ్ విషయానికి వస్తే, సీటు కింద పట్టాలంటే లోతు తక్కువ ఉన్నవే తీసుకోవాలి. జేఎల్ ఆడియో 10టీడబ్ల్యూ3 సన్నగా ఉంది, 400 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే శక్తి). 500 వాట్ల మోనో యాంప్ సరిపోతుందా? వైరు ఎంత మందం తీసుకోవాలి? సబ్‌ని నేల వైపు తిప్పి పెట్టాలా, ముందుకా?

వైరింగ్_మామ · అట్లాంటా

సరిపోతుంది, గెయిన్ (స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే నాబ్) అదుపులో పెట్టుకుంటే. ఆ సబ్ రెండు కాయిల్స్ మోడల్, 4 ఓమ్స్ చొప్పున. రెండిటినీ పారలల్‌గా కలిపితే 2 ఓమ్స్, సిరీస్‌లో కలిపితే 8. మీ యాంప్ 500 వాట్లు ఏ ఓమ్స్ దగ్గర ఇస్తుందో చూసి కొనండి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే మ్యాక్స్ వాట్లు నమ్మకండి, ఆర్‌ఎంఎస్ చూడండి.

వైరు లెక్క ఇలా చూడండి. క్లాస్ డీ యాంప్ సామర్థ్యం సుమారు 80 శాతం అనుకుంటే, 500 వాట్లు బయటికి రావాలంటే లోపలికి 625 వాట్లు వెళ్ళాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులకి అది 45 ఆంపియర్ల దాకా వస్తుంది. బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా దూరం ఎక్కువ, కాబట్టి 4 గేజ్ వేయండి, అదీ పూర్తి రాగిది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కిట్లలో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. ఫ్యూజ్ బ్యాటరీకి 18 అంగుళాల లోపే ఉండాలి. యాంప్ దగ్గర ఎన్ని ఫ్యూజులున్నా, మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే కాపాడేది బ్యాటరీ దగ్గరున్నదే.

గ్రౌండ్, అంటే యాంప్ నెగటివ్ వైరు బండికి కలిసే చోటు, గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎఫ్-150లో ఇది ప్రత్యేకం. 2015 నుంచి దీని బాడీ అల్యూమినియం, ఫ్రేమ్ మాత్రం స్టీలే. ఎక్కడో ఒకచోట పెయింట్ గీకి, రాగి లగ్ (వైరు చివర బిగించే రింగు) పెట్టి స్క్రూ కొట్టేసే పాత పద్ధతి దీనికి పనికిరాదు. రాగి, అల్యూమినియం రెండూ తేమతో కలిస్తే జాయింట్ పొడిపొడి అవుతుంది. కొన్నాళ్ళకి యాంప్ ఆగిపోతుంటుంది, కారణం అంతు చిక్కదు. క్యాబ్‌లో కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ బోల్టులుంటాయి, దగ్గర్లో ఉన్నదాన్ని వాడండి. తగరం పూత ఉన్న లగ్ తీసుకోండి. వైరు ఒకటిన్నర అడుగు మించకూడదు. సీటు బెల్టు బోల్టు జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది ప్రాణాలు కాపాడే బోల్టు, దాని బిగింపు మనం మార్చకూడదు.

ఒకవేళ గ్రౌండ్‌ని బ్యాటరీ దాకా తీసుకెళ్ళాలనుకుంటే, నెగటివ్ టెర్మినల్ మీదే తగిలించకండి. అక్కడ చిన్న డబ్బాలా బ్యాటరీ సెన్సర్ ఉంటుంది. మన వైరు దానికి అవతల, అంటే బాడీ వైపు కలవాలి. లేకపోతే బ్యాటరీలో ఎంత ఛార్జి ఉందో బండి తప్పుగా లెక్కేసుకుంటుంది. ఆటో స్టార్ట్-స్టాప్ ఉన్న బండిలో అది చికాకు.

అమలాపురం_టు_ఆస్టిన్

నేను ఇద్దరు పిల్లల తల్లిని, మా ఎఫ్-150లోనూ సీటు కింద సబ్ ఉంది. మీరు వెనక కార్ సీటు పెడతారా? పెడితే ఒక విషయం చూసుకోండి. కార్ సీటుని బెల్టుతో గట్టిగా లాగి బిగించినప్పుడు బండి సీటు కుషన్ కిందకి నొక్కుకుంటుంది. ఖాళీ సీటుతో కొలిచి డబ్బా పెడితే, తర్వాత కుషన్ వచ్చి దాని మీద కూర్చుంటుంది. సీటు కదలకుండా నిలబడిందా లేదా అన్నదే ముందు, సబ్ తర్వాత. కార్ సీటు బిగించాకే కొలత తీసుకోండి. పిల్లలు కూర్చున్నప్పుడు సౌండ్ ఎంత పెడతారన్నది నేను చెప్పక్కర్లేదు, సరిగ్గా వాళ్ళ కాళ్ళ కిందే ఉంటుంది మరి.

లోబీమ్

ఇది ఎవరూ చెప్పని పాయింట్ అక్కా. సబ్‌ని నేల వైపు తిప్పడమే నయం. సీటు ఫోమ్ కోన్‌కి తగలదు, పిల్లల బూట్లు తగలవు. డబ్బా కింద కోన్ పూర్తిగా ముందుకొచ్చినా నేలకి తగలనంత ఖాళీ ఉండాలి, అందుకు రబ్బరు కాళ్ళు పెట్టుకోవచ్చు. బేస్‌కి దిక్కు పెద్దగా తెలియదు కాబట్టి ఎటు తిప్పినా చెవికి నష్టం లేదు. డబ్బా సీల్డ్ (పూర్తిగా మూసినది) తీసుకోండి. సీటు కింద ఉన్న చోటులో గాలి రంధ్రం ఉండే పోర్టెడ్ డబ్బాకి కావలసిన గాలి పట్టదు. పైగా మూసిన క్యాబ్ గదితో పోలిస్తే చిన్నది, కింది ఫ్రీక్వెన్సీలను అదే పెంచి ఇస్తుంది.

ఆటోనగర్_సౌండ్ · విజయవాడ

అమెరికా చర్చలో దూరుతున్నాను, ఏమీ అనుకోవద్దు. మాకు ఇక్కడ ఎఫ్-150లు లేవు గానీ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ ఉంది, నాది అదే. మీరు చెబుతున్న బేస్ మాయం కథ నా బండిలోనూ ఉంది. ఇక్కడ షాపులో స్పీకర్ వైరు మధ్యలో కోసి, మెలితిప్పి, టేపు చుట్టి ఇస్తామన్నారు. వారంటీ ఇంకా ఉంది. భయపడి వచ్చేశాను.

వైరింగ్_మామ · అట్లాంటా

వచ్చేయడం మంచి పని. ఒరిజినల్ వైరు కోయనివ్వకండి. స్టీరియో వెనక కప్లర్‌కి సరిపోయే టీ-హార్నెస్ అడగండి. ఒక వైపు కంపెనీ కప్లర్‌కి, ఇంకో వైపు స్టీరియోకి గుచ్చుకుంటుంది, మధ్యలోంచి మనకి సిగ్నల్ వైర్లు వస్తాయి. రేపు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళేముందు పీకేస్తే బండి ఎప్పటిలాగే. అది దొరక్కపోతే వైరు కోయకుండా పట్టుకునే ట్యాప్ కనెక్టర్లు వాడమనండి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ ఎండాకాలం దాటదు, జిగురు కరిగి జారిపోతుంది.

వీ-క్రాస్‌కి సీటు కింద యాక్టివ్ సబ్ (యాంప్ లోపలే ఉన్నది) చాలు. పయొనీర్, జేబీఎల్ సన్నటివి అక్కడ బాగానే దొరుకుతాయి. ఇంకో సంగతి. మన ఊళ్ళలో వాటర్ సర్వీసింగ్ అంటే కార్పెట్ మీద కూడా పైపు పెడతారు. సబ్‌ని నేలకి ఆనించకుండా చిన్న పట్టీల మీద బిగించండి, సర్వీసింగ్ కుర్రాడికి ముందే చెప్పండి.

హ్యూస్టన్_బాబాయ్

వారంటీ మాట వచ్చింది కాబట్టి, అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, సబ్ పెట్టారన్న ఒక్క కారణంతో డీలర్ మొత్తం వారంటీ లేదనడం చెల్లదు. మనం పెట్టిన వస్తువు వల్లే పాడైందని వాళ్ళు చూపించాలి. వైరింగ్ కాలిపోతే మాత్రం ఆ చూపించడం వాళ్ళకి తేలికే.

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

అప్‌డేట్. 10టీడబ్ల్యూ3, సీల్డ్ డబ్బా, 500 వాట్ల యాంప్, ఎల్‌సీ2ఐ, టీ-హార్నెస్, 4 గేజ్ రాగి వైరు, కంపెనీ గ్రౌండ్ బోల్టు. అంతా మామ చెప్పినట్టే. ఇంటి ముందు ఆపి వింటే అద్భుతం. డప్పు ఛాతీకి తగులుతోంది.

హైవే ఎక్కగానే కొత్త సమస్య. ఇంజిన్ 1500, 2000 ఆర్‌పీఎం మధ్య ఉన్నప్పుడు క్యాబ్ నిండా గుమ్మ్ మని ఒక మోత. చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. పాట ఆపేసినా పోదు! యాక్సిలరేటర్ వదిలితే తగ్గుతుంది. పాట పెడితే కొన్ని దెబ్బలు రెట్టింపు, కొన్ని వినిపించవు. యాంప్ ఆపేస్తే మోత లేదు.

బీట్_బుజ్జి

గ్రౌండ్ లూప్ బ్రో. ఆల్టర్నేటర్ శబ్దం. ఆర్‌సీఏ వైరు, పవర్ వైరు పక్కపక్కనే వేసి ఉంటావు.

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

లేదు బ్రో, పవర్ డ్రైవర్ వైపు నుంచి, ఆర్‌సీఏ అవతలి వైపు నుంచి వేశాను.

డెసిబెల్_రెడ్డి

ఆల్టర్నేటర్ శబ్దం సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది, ఆర్‌పీఎంతో పాటు పైకి పాకుతుంది. ఇది బండ మోత, ఒక ఆర్‌పీఎం పరిధిలోనే వస్తోంది. గ్రౌండ్ కాదు. ఫ్రిస్కో గారూ, తల ఎత్తి రూఫ్ లైనింగ్ చూడండి. సన్నటి చిల్లులతో చిన్న మూతలు కనిపిస్తాయా? బ్లూటూత్ కాల్ మైకు కాకుండా వేరేవి, వెనక వైపు కూడా.

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

ఉన్నాయి! అవి దేనికో నాకు తెలియదు.

డెసిబెల్_రెడ్డి

దొరికింది. యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్. ఆ మైకులు క్యాబ్‌లో ఇంజిన్ గుర్రు వింటాయి. సిస్టమ్ ఆ శబ్దానికి సరిగ్గా తలకిందులైన తరంగం తయారుచేసి డోర్ స్పీకర్లలో వదులుతుంది. రెండూ కలిసి రద్దయిపోతాయి, మనకి ఇంజిన్ నిశ్శబ్దంగా అనిపిస్తుంది. పాట ఆపినా ఇది నడుస్తూనే ఉంటుంది, అందుకే మీ మోత పోలేదు.

ఈ లెక్కంతా కంపెనీ వాళ్ళు ఆ డోర్ స్పీకర్లతోనే, వాటి శక్తితోనే కుదిర్చారు. మీరు సబ్‌కి సిగ్నల్ తీసుకున్నది ఆ స్పీకర్ వైర్ల నుంచే కాబట్టి, ఆ రద్దుచేసే తరంగం కూడా సబ్‌కి వెళ్తోంది. సబ్ దాన్ని ఎన్నో రెట్లు పెద్దగా, కాస్త ఆలస్యంగా వాయిస్తుంది. రద్దు కావాల్సింది పోయి తోడవుతుంది. మైకులు ఆ మోత విని ఇంకా గట్టిగా సరిచేయబోతాయి. అంతే, ఆగదు. పాటలో బేస్‌ని కూడా ఇంజిన్ శబ్దమనుకుని తినేయడం వల్లే కొన్ని దెబ్బలు వినిపించడం లేదు.

వైరింగ్_మామ · అట్లాంటా

రెడ్డి గారు కరెక్ట్. ఫోర్డ్‌కి దీన్ని ఆపడానికి ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ల్యాప్‌టాప్, దాన్ని బండికి కలిపే ఓబీడీ అడాప్టర్ ఉంటే చాలు. ఆడియో మాడ్యూల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నాయిస్ క్యాన్సిలేషన్ ఆఫ్ చేయాలి. ఏ మాడ్యూల్‌లో చేయి పెట్టినా ముందు ఒరిజినల్ విలువల బ్యాకప్ సేవ్ చేసుకోండి. ఆ పని చేస్తున్నంతసేపూ బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచండి, మధ్యలో వోల్టేజి పడిపోతే మాడ్యూల్ తలనొప్పి.

ఆడియో మెనూలో వేగాన్ని బట్టి వాల్యూమ్ పెంచే ఆప్షన్ ఉంటుంది, ట్యూనింగ్ అయ్యేదాకా అది కూడా ఆపేయండి.

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

ఆఫ్ చేశాను. మోత పోయింది! ఇంజిన్ శబ్దం మునుపటి కంటే కాస్త ఎక్కువ వినిపిస్తోంది, అది నాకు ఇబ్బంది కాదు. ఇప్పుడు గెయిన్ ఎలా పెట్టాలి? చెవితో పెడితే ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

వైరింగ్_మామ · అట్లాంటా

గెయిన్ అంటే వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో ఇచ్చే వోల్టేజికి, యాంప్ తీసుకునే దానికి పొత్తు కుదిర్చేది. బేస్, ట్రెబుల్ సున్నా దగ్గర పెట్టండి. సబ్ వైరు పీకేయండి. 50 హెర్ట్జ్ టోన్ ఫైల్ యూఎస్‌బీలో వేసి, మీరు రోజూ వినే గరిష్ఠ వాల్యూమ్‌లో ప్లే చేయండి. మల్టీమీటర్ ఏసీ వోల్టులలో పెట్టి యాంప్ అవుట్‌పుట్ చూడండి. 2 ఓమ్స్‌కి 400 వాట్లు కావాలంటే 400ని 2తో గుణించి వర్గమూలం తీయాలి, 28 వోల్టులు చిల్లర. ఆ అంకె దగ్గర గెయిన్ ఆపండి. యాంప్‌లో బేస్ బూస్ట్ అని ఒకటి ఉంటుంది, దాన్ని సున్నాలోనే ఉంచండి. అక్యూబేస్ నాబ్ కూడా పూర్తిగా తగ్గించి మొదలుపెట్టండి. గెయిన్ పెట్టాక పాట వేసి, వాల్యూమ్ పెంచినప్పుడు బేస్ ఎక్కడ పల్చబడుతుందో చూసి మెల్లగా తిప్పుకుంటూ రండి. ఆ తర్వాత మీటర్‌తో మళ్ళీ ఒకసారి చూసుకోండి, ఆ నాబ్ కూడా వోల్టేజి పెంచుతుంది.

లో పాస్ (ఆ అంకె పైనున్న శబ్దాలు సబ్‌కి వెళ్ళకుండా ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. డ్రైవర్ సీట్లో కూర్చుని ఫేజ్ స్విచ్ (సబ్ తరంగాన్ని తలకిందులు చేసేది) రెండు వైపులా వేసి వినండి, ఎటు వేస్తే దెబ్బ నిండుగా ఉందో అటు ఉంచేయండి.

బీట్_బుజ్జి

నాది జీఎం వాళ్ళ సిల్వరాడో ట్రక్కు, బోస్ సిస్టమ్. అందులోనూ ఈ మైకుల గొడవ ఉంటుందా?

డెసిబెల్_రెడ్డి

ఉంటుంది. జీఎం ట్రక్కుల్లో చాలామంది రూఫ్ లైనింగ్ కొంచెం దించి మైకుల కనెక్టర్లు పీకేస్తారు. కాల్ మైకు ఏదో గుర్తుపట్టి దాన్ని వదిలేయి బుజ్జీ, లేకపోతే ఫోన్లో అవతలివాళ్ళకి నువ్వు వినిపించవు.

ఫ్రిస్కో_ట్రక్కు · టెక్సస్

మీటర్ పెట్టి గెయిన్ సెట్ చేశాను. లో పాస్ 75 దగ్గర స్థిరపడ్డాను. 80లో మగ గొంతు కూడా సీటు కింద నుంచి వచ్చినట్టు అనిపించింది. ఇప్పుడు హైవే మీద కూడా బేస్ నిలబడుతోంది. మిగిలింది ఒక్కటే, వెనక గోడ ప్యానెల్ గలగల.

లోబీమ్

వెనక సీటు వీపు భాగం తీసి, గోడ రేకు మీద అదురు తగ్గించే బ్యుటైల్ షీట్లు అంటించండి. రేకంతా కప్పక్కర్లేదు, పెద్ద చదును భాగాల మధ్యలో వేస్తే చాలు. గాలి బయటికి పోయే రబ్బరు రెక్కల వెంట్లు కనిపిస్తే వాటిని మాత్రం మూసేయకండి, తలుపు వేయడం కష్టమవుతుంది. ప్యానెల్ క్లిప్పుల దగ్గర ఫోమ్ టేపు, వెనక అద్దం మీదున్న బ్రేక్ లైటు చుట్టూ ఒకసారి చేత్తో నొక్కి చూడటం.

అమలాపురం_టు_ఆస్టిన్

నంబర్ ప్లేటు వెనక కూడా రెండు ఫోమ్ ముక్కలు. మాది గలగలమన్నది చివరికి అదే.

ఆటోనగర్_సౌండ్ · విజయవాడ

వీ-క్రాస్‌కి టీ-హార్నెస్ దొరికింది. మామా, యాక్టివ్ సబ్‌కి దాన్ని ఆన్ చేసే రిమోట్ వైరు వేరే ఇవ్వాలా, సిగ్నల్ వచ్చినప్పుడు దానంతట అదే ఆన్ అయ్యే స్విచ్ చాలా?

వైరింగ్_మామ · అట్లాంటా

ఆటో స్విచ్‌తో మొదలుపెట్టండి. బండి ఆపి తాళం వేశాక పది నిమిషాల తర్వాత వచ్చి సబ్ లైటు ఆరిందో లేదో చూడండి. ఆరకపోతే కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో రిమోట్ ఇవ్వండి, లేదంటే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.